కాళ్లు అందినప్పుడు

మట్టెవాడ, వరంగల్
10 జూన్ 1963, సోమవారం

హన్నా, పదమూడేళ్లు ఊరూరా తిరిగి ప్రసంగాలు చేసిన మనిషి, వాటిలో తనకు తగిలే ఒక్క మాట దగ్గర మాత్రం చెవులు మూసుకుంటే, ఇన్నేళ్లూ అతను ఎవరికి బోధించినట్టు? జవాబు ఇప్పుడే చెప్పకు బిడ్డా. ఉత్తరం చివరిదాకా చదివి చెప్పు.

చిరంజీవి కుమారి హన్నాకు మీ బాపు ప్రేమతో, ప్రార్థనతో రాస్తున్నది. ఇక్కడ మీ అమ్మా నేనూ, పెరట్లో నువ్వు పేరు పెట్టి వెళ్లిన మేకా, దేవుని దయవల్ల బాగానే ఉన్నాం. ఆ ఇంగ్లండు చలిలో నువ్వూ, నీ స్నేహితురాలు కేరళ పిల్ల అన్నమ్మా ఇలాగే బాగుండాలని రోజూ రెండు పూటలా అడుగుతున్నాం. మృగశిర కార్తె వచ్చింది కానీ వాన జాడ లేదు. మిల్లులో పొద్దటి పాళీ ముగించుకుని ఇంటికి వచ్చేసరికి చొక్కా పిండితే నీళ్లు కారుతున్నాయి. మీ దగ్గర జూన్‌లో కూడా స్వెట్టర్ వేసుకుంటారంటే మీ అమ్మ నమ్మడం లేదు.

శనివారం నేనిచ్చిన తంతి ఈపాటికి నీకు చేరి ఉంటుంది. 'దారి ఖాయం చెయ్యకు, ఉత్తరం వస్తోంది' అని అంతే ఇచ్చాను. తంతి అనగానే నీ గుండె ఆగి ఉంటుంది. క్షమించు. ఎవరికీ ఏమీ కాలేదు. కాకముందే అందాలనే ఇచ్చాను.

నువ్వు నన్ను అడిగింది నిజానికి చిన్న సంగతి. ఈ నెల 29 నుంచి నీకు రెండు వారాల సెలవు. అన్నమ్మా నువ్వూ సైకిళ్ల మీద దేశం చూద్దామనుకున్నారు. నువ్వు నర్సుగా ఉన్న ష్రూస్‌బరి దవాఖాన నుంచి రెండు దారులున్నాయి. ఒకటి సెవర్న్ ఏటి వెంట దక్షిణానికి, వూస్టర్ మీదుగా గ్లాస్టర్ దాకా, చదునుగా పోయే దారి. రెండోది పడమటికి, వేల్స్ కొండలెక్కి సముద్రం దాకా. ఆ కొండల అవతల, సముద్రం ఒడ్డున నాకు నోరు తిరగని పేరున్న పల్లెలో, ఒకప్పటి మన మిషన్ ఆసుపత్రి పారీ దొరసానమ్మ ఉంది. 'బాపూ, నువ్వు బయలుదేరే ముందు ఎప్పుడూ చేసేటట్టే, బైబిలు గ్రంథం తెరిచి వేలు పెట్టి, వేలు పడిన వాక్యాన్ని బట్టి ఏ దారో రాయి' అన్నావు. నేను ఏటి దారి అని రాశాను. నువ్వు మారుమాట లేకుండా ఒప్పుకున్నావు. ఏటి వెంట ఉన్న యూత్ హాస్టళ్లకు ఉత్తరాలు రాయబోతున్నామని మొన్నటి నీ జాబులో ఉంది.

ఆ ఉత్తరాలు రాయకు. రాసి ఉంటే వద్దని మళ్లీ రాయి. ఎందుకో చెప్పడానికే కూర్చున్నాను. కానీ నేరుగా ఆ మాట దగ్గరికి వెళ్లే ధైర్యం ఇంకా రాలేదు. ముందు నీ ప్రశ్నలకు జవాబులిస్తాను. గుడిలో ప్రసంగానికి లేచినప్పుడూ నా పద్ధతి అదే కదా, మొదట గొంతు సవరించుకుంటాను, నిప్పు తర్వాత అంటుకుంటుంది.

మీ అమ్మ కంటి సంగతి అడిగావు. ఎడమ కన్ను ఆపరేషన్ అయి నెల దాటింది. కట్టు విప్పిన రోజు దవాఖానలో నా ముఖం తేరిపార చూసి, "నువ్వు గింత ముసలోనివి ఎప్పుడైనవయ్యా" అంది. నర్సులందరూ నోళ్లకు చేతులడ్డం పెట్టుకున్నారు. ఇప్పుడు సూదిలో దారం తనే ఎక్కించుకుంటోంది. నువ్వు పంపిన నల్లద్దాలు పెట్టుకుని ఆదివారం గుడికి వస్తే, మన సమ్మమ్మ పక్కకు జరిగి చోటిచ్చి, సినిమాల్లో ఎప్పుడు చేరావని అడిగిందట. అప్పటినుంచి గుడి వాకిట్లో తీసి కొంగున కట్టుకుంటోంది. పాట మొదలయ్యాక మళ్లీ పెట్టుకుంటోంది.

సైకిలు మళ్లీ నేర్చుకున్న ముచ్చట రాశావు. మొదటి రోజు దవాఖాన వెనక పడి మోకాలు గీసుకుపోయిందనీ, అన్నమ్మ నవ్వీ నవ్వీ తనూ పడిందనీ, రెండో రోజుకే కాలు నేల పెట్టకుండా చుట్టూ తిరిగి వచ్చావనీ రాశావు. 'ఇంత తొందరగా ఎలా వచ్చిందో తెలియదు బాపూ, కాళ్లకు ముందే తెలిసినట్టుంది' అన్నావు. ఆ వాక్యం దగ్గర నేను ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని కాసేపు వాకిట్లో నిలబడ్డాను. మీ అమ్మ ఎందుకని అడిగితే ఉక్కపోస్తోందని చెప్పాను.

రోజుకు ఎన్ని మైళ్లు పెట్టుకోవాలని అడిగావు. నాకు తెలిసిన లెక్క చెబుతాను. ఇక్కడి నుంచి నర్సంపేట ఇరవై నాలుగు మైళ్లు. పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి చేరి, తిని, సాయంత్రం కూటంలో గొంతెత్తి మాట్లాడే బలం మిగులుతుంది. ములుగు ముప్పై పైచిలుకు. అడవి దారి, ఎదురుగాలి. చేరాక ప్రార్థన చేయబోతే ఆవలింతలే వస్తాయి. కాబట్టి ఇరవై ఐదు మైళ్లకు మించకు. ఎత్తు వస్తే దిగి నెట్టుకుంటూ నడువు, అందులో నామోషీ ఏమీ లేదు. దిగుడులో ముందు బ్రేకు ఒక్కటే పట్టకు, హ్యాండిలు మీదుగా ఎగిరిపోతావు. వానలో బ్రేకు ఆలస్యంగా పడుతుంది, అది మనసులో పెట్టుకో. అలసట రాకముందే ఆగు, దప్పిక కాకముందే తాగు. పంచరు అతికే సామాను, పంపు, చిన్న సీసాలో నూనె సంచిలో పైన ఉండాలి, బట్టల కింద కాదు.

ఇంకొకటి. దారి అడిగితే బరువు మోసుకుపోయే ఆడవాళ్లను అడుగు. హోటల్లో కూర్చుని చాయ్ తాగే మగవాళ్లను అడగకు. ములుగు దారిలో వెంకట్రాజం హోటలు దగ్గర ఇంకెంత దూరమని ఎప్పుడడిగినా, "గీడికే అయ్యగారూ" అంటాడు. ఆ 'గీడికే' ఒకసారి ఏడు మైళ్లయింది. తలమీద కట్టెల మోపున్న ఆవిడైతే ప్రతి మలుపూ లెక్కపెట్టి చెబుతుంది. ఆ మైళ్లు ఆమె మెడకు తెలుసు. ఇంగ్లండులో కట్టెలు మొయ్యరేమో. ఎవరు ఏది మోస్తే వాళ్లను అడుగు.

ఇక నువ్వు అన్నిటికంటే చిన్న అక్షరాలతో అడిగిన ప్రశ్న. అన్నమ్మ ప్యాంటు కొనుక్కుంది, నువ్వు చీరలో తొక్కాలా, ప్యాంటు వేసుకోవచ్చా అని. భయపడుతూ అడిగావని అక్షరాలే చెప్పాయి. నా జవాబు: ప్యాంటు వేసుకో. నిశ్చింతగా వేసుకో. ఈ మాట రాస్తున్నది మీ బాపు జయరాజే. అనుమానముంటే చేతిరాత పోల్చుకో.

మీ అమ్మకు చదివి వినిపిస్తే ఈ జవాబు దగ్గర ఆమె కూడా నావైపు వింతగా చూస్తుంది. ఎందుకు చూస్తుందో నీకు గుర్తుందా? నీకప్పుడు తొమ్మిదేళ్లు. గుర్తుండే ఉంటుంది, నువ్వెప్పుడూ ఎత్తలేదంతే. ఇప్పుడు నేనే ఎత్తుతాను.

మొదట నీ పుట్టుక దగ్గరికి వెళ్లాలి. నువ్వు చాలాసార్లు విన్నావు, అయినా నా కోసం ఇంకోసారి విను. మీ అమ్మ కాన్పుకు నర్సంపేట దిక్కున తన తల్లిగారి ఊరికి పోయింది. శ్రావణ మాసం. రెండు రోజులు నొప్పులు పడినా నువ్వు రాలేదు. మంత్రసాని మల్లక్క నా దగ్గరికి వచ్చి, చేతులు కడుక్కుంటూ, "నా తోని కాదు కొడుకా, దొరసానిని పిలిపియ్యి" అంది. మీ మేనమామ సారయ్య తొమ్మిది మైళ్లు పరుగెత్తాడు. మిషన్ ఆసుపత్రిలో దొరసానమ్మ ఒక్కతే ఉంది. ఎడ్లబండి వాగు దాటదని తెలిసి ఆమె బండికోసం చూడలేదు. సైకిలెక్కింది. వాగు దగ్గర సైకిలును భుజాన వేసుకుని నడుముల్లోతు నీళ్లలో దాటింది. మధ్యాహ్నం మబ్బుల్లో ఆమె మా వాకిట్లో సైకిలు దిగడం నేను ఇప్పటికీ చూస్తూనే ఉంటాను. మోకాళ్ల దాకా బురద, తల మీద టోపీ లేదు, సంచి మాత్రం పొడిగా ఉంది. గంట తిరగకముందే నీ ఏడుపు వినబడింది. ఇంకో గంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కారని ఆమె తర్వాత చెప్పింది. పిల్లల కోసం ఏడ్చి ప్రార్థన చేసిన ఆ పాతకాలపు తల్లి పేరే నీకు పెట్టమన్నదీ ఆమే.

ఆ మేలుకు నేనేం చేశానో నీకు తెలుసు. నువ్వు తొమ్మిదేళ్ల పిల్లవయ్యాక మిషన్ కాంపౌండులో ఆమె నీకు తన సైకిలు నేర్పింది. అది ఆడవాళ్ల సైకిలు, ముందు కడ్డీ ఉండదు, వెనక చక్రానికి చీర చిక్కకుండా జాలీ ఉంటుంది. కాళ్లు అందక సీటు మీద కూర్చోలేక, నిలబడే తొక్కేదానివి. ఆమె వెనకాల సీటు పట్టుకుని పరుగెత్తేది. అప్పుడే నాకు ప్రసంగం చేసే అధికారం కొత్తగా వచ్చింది. ఇరవై ఏళ్లొచ్చాక సువార్త మీదనే అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి, నాకు తెలిసినవన్నీ కొలిమిలోంచి అప్పుడే తీసినట్టు వేడిగా ఉండేవి. ఎవరికి కాలుతుందో చూసుకునేవాణ్ణి కాదు. ఆ ఆదివారం మగవాని వేషం ఆడది వెయ్యరాదన్న మోషే ఆజ్ఞ తీసుకుని, సైకిలెక్కే ఆడపిల్లల మీద ముప్పావుగంట ప్రసంగించాను. బల్ల గుద్దాను. ముందు వరసలో దొరసానమ్మ కూర్చుంది. ఆమె పక్కన నువ్వు కూర్చున్నావు.

కూటం ముగిశాక ఆమె నా దగ్గరికి వచ్చింది. ఆమె తెలుగు నీకు తెలుసుగా, పుస్తకంలోంచి దిగివచ్చినట్టు ఉంటుంది.

"జయరాజుగారూ, మీ ప్రసంగము బలముగా ఉన్నది. ఒక్కటి అడుగుదును. ఆ దినమున నేను సైకిలు లేక నడిచి వచ్చియుండిన, ఈ బిడ్డ ఇక్కడ కూర్చుండునా?"

లేఖనం లేఖనమేనమ్మా అన్నాను. ఆమె తల ఊపి, నీ జుట్టు సవరించి వెళ్లిపోయింది. తర్వాత నువ్వు కాంపౌండుకు పోలేదు. నేను పోనివ్వలేదు. ఆరు నెలలకు ఆమె ఆరోగ్యం చెడి స్వదేశానికి వెళ్లిపోయింది.

ఇంతవరకు నీకు తెలిసిందే. ఇక ముందు తెలియనిది.

నువ్వు దారి చూడమని రాసిన రోజు నేను నిజంగానే మోకరించి, కళ్లు మూసుకుని, గ్రంథం తెరిచి వేలు పెట్టాను. కళ్లు తెరిచి చూస్తే కొండల వైపు కన్నులెత్తే కీర్తన. అంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? మన గుడికొచ్చే, చదవడం రాని కట్టమ్మకు కూడా అర్థమవుతుంది. నేను మూసేశాను. రెండోసారి తెరిచాను. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను అనే పేర్ల వరస వచ్చింది. అందులో ఏ దారీ లేదు. మూడోసారి తెరిచాను. ఈసారి కళ్లు మూసుకున్నాను గానీ బొటనవేలుకు చూపుంది. నా గ్రంథం వెన్ను ఎక్కడ విరిగిందో నీకు తెలుసు. ఇన్నేళ్లు ప్రతి సమాధి దగ్గరా కాపరి కీర్తన చదివీ చదివీ, ఆ పుట తనంతట తానే తెరుచుకుంటుంది. పచ్చిక, నెమ్మదైన నీళ్లు. నీళ్లంటే ఏరు అని నీకు రాశాను. 'ప్రభువు చూపించాడు' అని కూడా రాశాను. ప్రభువు చూపించింది మొదటిది బిడ్డా. మూడోది చూపించింది నేను.

ఆడుకునే పిల్లలు కూడా మూడుసార్లు చీటీ తీయనివ్వరు. వేలు పెట్టి దారి తీసుకోవడం నా జీవితమంతా నేను పాటించిన నియమం. ఆ ఒక్క నియమమైనా నేను నిజాయితీగా పాటించానని నమ్ముకుని బతికాను. దాన్ని నీ దగ్గర తప్పాను, నా మాటను వాక్యమని నమ్మే నీ దగ్గర.

ఎందుకు చేశానంటే, నువ్వు ఆ కొండలెక్కితే దొరసానమ్మను కలుస్తావు. కలిస్తే ఆమె అడుగుతుంది. అడిగింది కూడా. మొన్నటి నీ జాబులోనే ఉంది. మిషన్ ఆఫీసులో అడ్రసు తీసుకుని నువ్వు రాసిన ఉత్తరానికి ఆమె కార్డు పంపిందనీ, గుండె బలహీనమై పడకమీదే ఉందనీ, ఈ వేసవి దాటడం కష్టమని చూసుకునేవాళ్లు కింద రాశారనీ. ఆమె రాసిన రెండు వాక్యాలు కూడా నువ్వు నాకోసం ఎత్తి రాశావు. 'సైకిలు బాగుగా నడుచుచున్నదా, హన్నా? కాళ్లు అందుచున్నవా?' దానికింద నువ్వు, 'పాపం బాపూ, నన్ను చూసి పదమూడేళ్లయింది, ముసలితనం, ఎవరినో అనుకుని రాసినట్టుంది' అన్నావు. 'వెళ్లి చూడాలని ఉంది గానీ నువ్వు వాక్యం చూసి చెప్పాక నాకు దిగులు లేదు' అని కూడా అన్నావు.

ఆమె ఎవరినో అనుకోలేదు బిడ్డా. ఆమె మతి నూటికి నూరుపాళ్లు సరిగా ఉంది.

ఆమె వెళ్లిపోయిన మర్నాడు కాంపౌండు కాపలాదారు మొగిలయ్య నన్ను పిలిచి సైకిలు చేతికిచ్చాడు. హ్యాండిలుకు దారంతో ఒక చీటీ కట్టి ఉంది. తెలుగు అక్షరాలు, పెద్దవి, చిన్నపిల్ల కూడా చదవగలిగేటంత పెద్దవి. 'హన్నాకు. కాళ్లు అందినప్పుడు.' అంతే. కింద ఆమె పేరు.

నేను చీటీ విప్పి జేబులో పెట్టుకున్నాను. ఇంటికి వచ్చి, సేవ చేసుకోమని మిషన్ నాకు సైకిలిచ్చిందని చెప్పాను. మీ అమ్మ దండం పెట్టింది. నువ్వు సైకిలును పోల్చుకున్నావు. "గిది దొరసానమ్మది గద బాపూ" అన్నావు. మిషన్‌ది అన్నాను. నువ్వు మళ్లీ అడగలేదు.

అయితే ఒక చిక్కు వచ్చింది. ఆడవాళ్లు సైకిలెక్కరాదని బల్ల గుద్దినవాణ్ణి, ఆడవాళ్ల సైకిలెక్కి ఊరేగడమెలా? మట్టెవాడలో సారంగపాణి కిరాయి సైకిళ్ల దుకాణానికి నెట్టుకుపోయాను. వెనక చక్రం జాలీ పీకేయమన్నాను, ముందు ఇనుప కడ్డీ ఒకటి అతికించమన్నాను. అతను నన్నూ సైకిలునూ మార్చి మార్చి చూశాడు.

"ధోతి కట్టేటోనివి, కడ్డీ లేకుంటెనే నీకు ఎక్కనీకి అల్కగుంటది గదన్నా. సైకిల్‌కు గూడ మీసం పెట్టియ్యాల్నా?"

పెట్టించాను. ధోవతి ఎగదోపుకుని, ఆ కడ్డీ మీదుగా కాలు తిప్పి ఎక్కుతూ పదమూడేళ్లు నడుము నొప్పి అనుభవించాను. అది నాకు సరైన శిక్షే. కానీ నిద్రపట్టనివ్వనిది వేరే ఉంది. ఆ కడ్డీకి తువ్వాలు చుట్టి, దానిమీద నిన్ను కూర్చోబెట్టుకుని హనుమకొండ బడికి దింపేవాణ్ణి. నీకు పదకొండేళ్లు, పన్నెండేళ్లు. నీ కాళ్లు పెడల్ దాకా ఎప్పుడో అందాయి. నేను చూస్తూనే ఉన్నాను. నీ సైకిలు మీద నిన్నే బరువులా మోసుకుపోతూ, దారి పొడుగునా నీకు నిజాయితీ మీద వాక్యాలు వల్లె వేయించాను.

నాతాను ప్రవక్త రాజు దగ్గరికి పోయి, పేదవాని ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుని కథ చెబుతాడు. నేను ఆ కథను నర్సంపేటలో చెప్పాను, ములుగులో చెప్పాను, నేనే ఏడ్చి జనాన్ని ఏడ్పించాను. చివర రాజుకే 'ఆ మనుష్యుడవు నీవే' అని వేలు చూపే చోటుకు వచ్చేసరికి నా వేలు ఎప్పుడూ ఎదుటివాళ్ల వైపే ఉండేది. కూటం బయట గోడకు ఆనించి ఆ గొర్రెపిల్ల నిలబడి ఉండేది, రెండు చక్రాలతో.

చీటీని పారేయలేకపోయాను. గ్రంథంలోనే దాచాను, కొండల కీర్తన దగ్గర. అప్పటినుంచి ఆ పుట నేను తెరవలేదు. నీ జాబు చదివి వినిపిస్తుంటే మీ అమ్మ, "ఇంగ్లండుల గూడ కొండలుంటయా? నువ్వు గా కొండల కీర్తన ఎన్నడు చెప్పవేందయ్యా, అన్ని చెప్తవు, గదొక్కటి తప్ప" అంది. నేను వినబడనట్టు కూర్చున్నాను. నువ్వు దారి అడిగిన రోజు వేలు మొదట పడింది అక్కడే. చీటీ ఉండబట్టి పుట విడివడిందని బుద్ధి చెప్పుకోవచ్చు. అయితే చీటీని అక్కడ పెట్టిందెవరు? నా చేత్తోనే నాకు సాక్ష్యం పెట్టించి, పదమూడేళ్లు ఓపిక పట్టి, నువ్వు దారి అడిగిన రోజున బయటకు తీశాడు. అటువంటి దేవునికి భయపడాలా, దండం పెట్టాలా? నేను రెండూ చేశాను.

నీ రెండో జాబు శుక్రవారం వచ్చింది. శనివారం తంతి ఇచ్చాను. ఇంటికి వచ్చి మీ అమ్మకు చీటీ చూపించి చెప్పాను. ఆమెకు చదువు రాదు కదా, కొత్తగా చూపొచ్చిన కన్ను దగ్గరికి పెట్టుకుని, ఆ అక్షరాల మీద వేలితో తడిమింది. "ముందుగాల పిల్లకు రాయి" అంది చివరికి. "నా ముచ్చట తర్వాత." ఆ 'తర్వాత' ఇంకా రాలేదు. అన్నం పెడుతోంది, మాట్లాడడం లేదు. దానికీ నేను కృతజ్ఞుణ్ణే, అన్నం పెడుతోంది కదా.

ఈరోజు పాళీ దిగి నేరుగా సారంగపాణి దగ్గరికి పోయాను. కడ్డీ కోసేయమన్నాను. అతని జుట్టు కూడా నెరిసింది. రంపం తీసుకుంటూ నవ్వాడు.

"మీసం గొరిగియ్యాల్నా అన్నా? గప్పుడే చెప్పిన గద, గది సైకిల్‌కు బరువే గని బలం గాదని."

కడ్డీ ఊడి కింద పడితే ఎంత తేలికగా మోగిందో. అతికిన రెండు చోట్లా రంగు పోయి మచ్చలు మిగిలాయి. రంగు వేస్తానన్నాడు, వద్దన్నాను. ఉండనీ. ఇంటిదాకా సైకిలెక్కలేదు, నడిపించుకుంటూ వచ్చాను. అది నాది కాదు. ఇప్పుడది లోపలి గోడకు ఆనించి ఉంది. నీ జవాబు వచ్చేదాకా ములుగు కూటాలకు బస్సులో పోతాను. నువ్వు ఇమ్మంటే ఎక్కుతాను, ఇంకే ఆడపిల్లకైనా ఇమ్మంటే ఇస్తాను. వచ్చే ఆదివారం కొండల కీర్తన మీద నా ప్రసంగం. బల్ల గుద్దను. జరిగింది జరిగినట్టు చెబుతాను, దొరసానమ్మ అడిగిన ప్రశ్నతో మొదలుపెట్టి.

ఇంత రాశాక నాకు బాధకంటే కృతజ్ఞతే ఎక్కువగా ఉంది, నీకు వింతగా ఉండవచ్చు. చూడు, ఆమె ఇంకా ఉంది. నీ కాళ్లకు ఆమె నేర్పింది పోలేదు, పదమూడేళ్ల తర్వాత రెండో రోజుకే తిరిగొచ్చింది. నా అబద్ధం ఆమె చేసిన మేలులో ఒక్క ముక్క కూడా తినలేకపోయింది. నిన్ను భూమి మీదికి తెచ్చింది ఆమె, నన్ను ఊరూరా మోసింది ఆమె సైకిలు, నిన్ను నర్సును చేసింది కూడా ఆ వాకిట్లో బురద కాళ్లతో దిగిన ఆమె కథే. మన ఇంట్లో ఆమె చెయ్యి తగలనిది ఏది? ఇచ్చినవాళ్లు ఉండగానే పుచ్చుకున్నవాళ్లు మేల్కొనడం ఎంత పెద్ద దయ. అందరికీ ఆ గడువు దొరకదు.

ఏరోగ్రాములో ఏమీ పెట్టనివ్వరు కాబట్టి కవరులో పంపుతున్నాను. ఇందులో రెండున్నాయి. ఒకటి నీ చీటీ. పదమూడేళ్లు ఆలస్యంగా నీ చేతికిస్తున్నాను. రెండోది దొరసానమ్మకు నేను రాసిన ఒక్క పేజీ. ఆమె పక్కన కూర్చుని, ఆమె తెలుగులోనే, మెల్లగా చదివి వినిపించు. మీ అమ్మ నాతో మాట్లాడకపోయినా నీకు చెప్పమని ఒక మాట మాత్రం చెప్పింది. దొరసానమ్మ రెండు చేతులూ పట్టుకుని మీ అమ్మ పేరు చెప్పాలట. ఏసమ్మ అంటే చాలట, ఆమెకు గుర్తొస్తుందట.

నన్ను క్షమించాలా వద్దా అన్నది నిదానంగా ఆలోచించుకో. ఏడాది తీసుకో, పదేళ్లు తీసుకో. దానికి తొందర లేదు. ఆమె దగ్గర మాత్రం అంత వ్యవధి లేదు. యోనా తప్పు దారిలో ఓడ ఎక్కితే అతన్ని మింగి ఒడ్డుకు చేర్చడానికి చేప వచ్చింది. నా తప్పుకు నిన్ను ఏ చేపా మోసుకురాదు, నువ్వే తొక్కాలి. సెలవు మొదలైన పొద్దున ఏటి వైపు తల తిప్పనైనా తిప్పకు. హ్యాండిలు పడమటికి పెట్టు. ప్యాంటు వేసుకుని, సైకిలు మీదనే ఆమె వాకిట్లోకి వెళ్లు. ఆమె మంచం కిటికీ దగ్గర ఉంటే, నువ్వు దిగేది ఆమెకు కనబడేటట్టు దిగు. పాదాలు రెండూ నేలకు ఆనించి నిలబడు, చూడనీ.

అయితే 29 దాకా ఆగవలసిన పని ఒకటి ఉంది, ఆగకూడని పని ఒకటి ఉంది. ఈ ఉత్తరం మడిచే ముందే లేచి ఒక కార్డు తీసుకో. డ్యూటీకి టైమైందని పెట్టెలో పెట్టకు, అన్నమ్మతో మాట్లాడి రాస్తాననుకోకు. 'సైకిలు బాగా నడుస్తోంది, కాళ్లు అందాయి, కొండల దారిన నీ దగ్గరికే వస్తున్నాను' అని రాయి. ఈ రాత్రి ఆమె కళ్లు మూసుకునే ముందు ఆ కార్డు దారిలో ఉండాలి. లే బిడ్డా. ఈరోజే. ఈ టపాకే.

ఇట్లు,
నీ సైకిలు పదమూడేళ్లు తొక్కిన
నీ బాపు,
జయరాజు